నూట పదిలో ఊగే భాగ్యం

హైవే మీద తిన్నగా పోయే కారు ఉన్నవాణ్ణి చూస్తే నాకు జాలి వేస్తుంది.

పాపం, ఏం సుఖపడదామని కొన్నాడో! ఎక్కుతాడు, స్టీరింగ్ పట్టుకుంటాడు, ఊరు రాగానే దిగుతాడు. మధ్యలో ఏమీ జరగదు. గుండె ఒక్కసారైనా నోట్లోకి రాదు. ఇంటికి వెళ్ళాక భార్యకు చెప్పుకోవడానికి ఒక్క ముక్క ఉండదు. అదీ ఒక ప్రయాణమేనా?

నా కారు అలాంటి నిస్సారమైన జీవి కాదు. ఎర్ర రంగు, రెండే సీట్లు, టాపు వెనక్కి మడిస్తే నెత్తిన ఆకాశం తప్ప మరేమీ ఉండదు. అడిలైడ్ వీధుల్లో దానంత బుద్ధిమంతురాలు లేదు. కొండలు దాటి, ఫ్రీవే మీద పడి, స్పీడు ముల్లు నూట పది దగ్గరికి చేరిందా, ఇక చూడండి! ముక్కు తేలికైపోతుంది. స్టీరింగ్ నా చేతిలోనే ఉంటుంది కానీ, దానికీ ముందు చక్రాలకీ మాటలు లేనట్టు ఉంటుంది. గొర్రెల లారీ ఒకటి పక్క నుంచి పోయిందంటే, మేము అవతలి వరస దాకా వెళ్ళి పలకరించి వస్తాం.

తెలియనివాళ్ళు దీన్ని జబ్బు అంటారు. నేను భాగ్యం అంటాను. ఎందుకో మనవి చేసుకుంటాను.

మొదటిది ఆరోగ్యం. నిద్ర వస్తే ఆగండి, టీ తాగండి అని ప్రభుత్వం దారి పొడవునా బోర్డులు పెట్టింది. నాకు ఆ బోర్డులతో పనేమిటి? నూట పదిలో ఊగే కారులో నిద్రపోయినవాడు ఇంతవరకూ పుట్టలేదు. మా డాక్టరు రోజూ కాసేపు నాడి వేగంగా కొట్టుకునేలా ఏదైనా చేయమన్నాడు. కొందరు అందుకోసం తెల్లవారకముందే లేచి పార్కు చుట్టూ పరిగెత్తుతున్నారు. నేను కూర్చున్నచోటే ఆ పని చేస్తున్నాను!

రెండోది భక్తి. మా ఆవిడ రోస్లిన్ పెళ్ళైన కొత్తలో నన్ను చర్చికి తీసుకెళ్ళాలని నానా తంటాలు పడి వదిలేసింది. ఫాదర్ వల్ల కానిది స్వాన్‌పోర్ట్ వంతెన వల్ల అయింది. ముర్రే నది మీద అడ్డగాలి కొట్టినప్పుడు, నాకు రాదనుకున్న ప్రార్థనలన్నీ మొదటి నుంచి చివరి దాకా తప్పుల్లేకుండా వచ్చేశాయి.

ఇక చట్టానికి లోబడటం సంగతి. స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్ళందరూ వేగానికి జరిమానాలు కడుతుంటారని లోకం అనుకుంటుంది. గాలి కొట్టే రోజున నేను తొంభై దాటితే ఒట్టు! నా వెనక ట్రాక్టరువాడు హారన్ కొడుతున్నాడు. పౌరుణ్ణి ఇంత సాధువుగా మార్చే యంత్రం మరొకటి ఉంటే చెప్పండి.

అయితే ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు భాగ్యం వేరే ఉంది. అది చెప్పాలంటే ముందు కథ చెప్పాలి.

ఈస్టరుకు మా క్లబ్బు, అంటే టాపు లేని పాత కార్లున్న ముసలివాళ్ళ మంద, ఫ్లిండర్స్ కొండల దాకా వెళ్ళొచ్చింది. దారిలో ఎవరి కారు ఆగినా సాయం చేయడానికి ఒకరు సామాను మోయాలి. ఆ గౌరవం నాకు దక్కింది. పెద్ద జాకీ, ఇనుప పానాల పెట్టె, అదనపు బ్యాటరీ, నీళ్ళ డబ్బా, తాళ్ళు, గొలుసులు. అన్నీ నా డిక్కీలో సర్దాను. ఎవరి కారూ ఆగలేదు. సామాను అలాగే ఉంది. దించడానికి బద్ధకం కాదు. ఏ నిమిషానికి ఏమి అవసరం పడుతుందో ఎవరికి తెలుసు?

ఆ తరవాతి వారం రోస్లిన్‌ను ఎక్కించుకుని మీనింగీలో ఉన్న వాళ్ళక్క వాల్మే ఇంటికి బయలుదేరాను. వంతెన మీద కారు మొదటిసారి ఊగింది. రోస్లిన్ ఒళ్ళోని కేకు డబ్బాను రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చుంది. వాల్మే ఇంటి ముందు దిగాక మాట్లాడింది.

"ఇది ముందు ఇలా లేదు, లెస్. వెనకాల ఏం కుక్కావు?"

"అవి అత్యవసర సామాను, రోస్లిన్. ఇది టెక్నికల్ విషయం. క్లబ్బులో అడుగుతాను."

"అడుగు. ఇది తిన్నగా నడిచేదాకా నేనిందులో కాలు పెట్టను. వాల్మే పుట్టినరోజు నాటికి బాగుపడలేదనుకో, అమ్మి పారెయ్. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని నువ్వు తిరిగొస్తావో రావోనని గడియారం చూడటం నా వల్ల కాదు."

ఆవిడ ఆ రోజు వాల్మే కారులో ఇంటికి వచ్చింది. నేను వెనక నుంచి ఊగుతూ వచ్చాను.

అమ్మడమా! ఆ పక్క సీటు కోసమే కదా ఆ కారు కొన్నది! ఉద్యోగం విరమించిన మర్నాడు నేనూ రోస్లిన్ కలిసి వెళ్ళి కొన్నాం. ఆవిడే ఎర్ర రంగు అంది. తలకు రుమాలు కట్టుకుని, కాళ్ళు ముందుకు చాపుకుని, దారిలో ప్రతి పెలికాన్ పక్షినీ నాకు చూపించేది. ఆ సీటు ఖాళీ అయితే నాకిక కారెందుకు?

సరే, శనివారం మా షెడ్డులో వైద్యులు సమావేశమయ్యారు.

మా క్లబ్బులో ఒక ఆచారం ఉంది. కారుకు జబ్బు చేస్తే యజమాని అందరికీ సాసేజీలు కాల్చి పెట్టాలి. తిన్న ప్రతివాడూ ఒక కారణం చెప్పాలి. చెప్పిన ప్రతి కారణానికీ వైద్యం జరగాలి. "నీ మాట తప్పు" అని ఎవరినీ అనకూడదు, ఎందుకంటే వచ్చే నెల జబ్బు అతని కారుకే రావచ్చు.

మొదటి నిర్ధారణ అధ్యక్షుడు మెర్విన్ నోస్కేది. బరోసా లోయలో ముప్పై ఏళ్ళు పళ్ళు పీకిన డాక్టరు. ఏ కారు దగ్గరికి వెళ్ళినా ముందు నోరు తెరవమన్నట్టు బానెట్ ఎత్తిస్తాడు.

"చక్రాల కీళ్ళలో రబ్బరు బుష్షులు వదులైపోయాయి. చిగుళ్ళు కరిగితే పన్ను కదలదూ? అంతే ఇదీ," అన్నాడు.

బుష్షులు మార్చాం. కారు ఊగింది.

రెండోవాడు ఐవర్ ట్రెంబాత్. బడిలో సంగీతం చెప్పేవాడు. కళ్ళు మూసుకుని, తలుపు మీద వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. టాపు కోసేసిన కారు మూతలేని అట్టపెట్టె లాంటిదట, నడుం మెలితిరుగుతుందట. శ్రుతి దిగిపోయిందన్నాడు. అందుకు ఇంజను మీదుగా ఒక ఇనుప కడ్డీ, సీట్ల కింద ఒక కడ్డీ బిగించాం. కారు ఇంకా శ్రావ్యంగా ఊగింది.

మూడోవాడు కాన్ ప్సారోస్. సెమఫోర్‌లో చేపల దుకాణం నడిపి, కొడుక్కి అప్పజెప్పినవాడు. అందరికన్నా ముందు వచ్చి, అందరికన్నా చివర వెళ్ళేది అతనే. కారు కింద దూరాడంటే బూట్లు మాత్రమే బయట కనపడతాయి. మాటలన్నీ అక్కణ్ణుంచే.

"ఒరే లెస్, షాక్ అబ్జార్బర్లు చచ్చాయిరా. తడుముతుంటే తెలుస్తోంది. చేప తాజాదో కాదో ముట్టుకుంటే తెలీదూ?"

నాలుగూ మార్చాం, పనిలో పనిగా స్ప్రింగులూ బ్రేకు పళ్ళాలూ కూడా. కారు ఏమి చేసిందో వేరే చెప్పాలా?

ఇక్కడ మా వాళ్ళ రెండో ఆచారం మనవి చేయాలి. విప్పిన భాగాన్ని పారేయకూడదు. ఈ దేశంలో షెడ్డు ఉన్న ఏ మగవాడూ విప్పిన బోల్టును చెత్తబుట్టలో వేసిన దాఖలా లేదు. ఎప్పటికైనా పనికొస్తుంది. కానీ షెడ్డులో పెడితే రోస్లిన్ ఊరుకోదు, ఆవిడ జామ్ సీసాలు అక్కడే ఉంటాయి. అందుకని పాత షాక్ అబ్జార్బర్లు, పాత స్ప్రింగులు, పాత బుష్షులు, అరిగిన బ్రేకు పళ్ళాలు అన్నీ బుద్ధిగా డిక్కీలోకి వెళ్ళాయి. అక్కడ జాగా ఉంది కదా!

నాలుగో దశలో ఇంటర్నెట్ ఫోరం రంగంలోకి దిగింది. "నూట పదిలో ఊగుతోంది, కారణం?" అని ఒక్క వాక్యం రాశాను. ఫిన్లాండ్ నుంచి ఒకతను మంచు అన్నాడు. టెక్సస్ నుంచి ఒకతను ఇంకా పెద్ద కారు కొనమన్నాడు. కాసేపటికి వాళ్ళిద్దరూ నన్ను వదిలేసి ఒకరి దేశాన్ని ఒకరు తిట్టుకున్నారు. నా కారు రెండు ఖండాల మధ్య సాంస్కృతిక సంబంధాలు నెలకొల్పింది. తిన్నగా పోయే కారుకు ఈ ఘనత ఎక్కడిది?

చివరికి నోస్కే అలైన్‌మెంట్ అన్నాడు. "చక్రాల కోణాలు చూసేటప్పుడు సీట్లలో మనుషులు ఉండాలి. అప్పుడే లెక్క సరిపోతుంది. రోస్లిన్‌ను రమ్మను."

"నేను రాను," అంది రోస్లిన్ కిటికీలోంచి.

"అయితే బరువెంతో చెప్పమను. అంత ఇసక పెడదాం."

రోస్లిన్ ఒక అంకె చెప్పింది. అది మా పెళ్ళినాటి అంకె. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది? ఆ బరువుకు ఇసక తూచి, రెండు బస్తాలకెత్తి, పక్క సీటులో కూర్చోబెట్టి బెల్టు కట్టాం. కోణాలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరాయి. తరవాత కొన్ని వారాలు నేను పరీక్షకు వెళ్ళినప్పుడల్లా ఆ బస్తాలే నా పక్కన కూర్చున్నాయి. బస్తాల్లో గొప్ప సుగుణం ఏమిటంటే "నెమ్మదిగా" అని అనవు. పెలికాన్ పక్షులను మాత్రం చూపించవు. ఒకరోజు వంతెన దిగాక "అదిగో చూడు" అని నేనే వాటికి చూపించి, తరవాత నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ సాయంత్రం వాటిని కూడా తీసి డిక్కీలో పడేశాను.

అప్పటి నుంచి ఊపు రెట్టింపైంది. నోస్కే తల పంకించి, "రోగం ముదురుతోంది," అన్నాడు.

ఈలోగా వాల్మే పుట్టినరోజు వచ్చింది. రోస్లిన్ ముందు రోజే తన చిన్న తెల్ల కారులో వెళ్ళిపోయింది. పాపం, ఆ తెల్ల కారు మీనింగీ చేరి, గేరు విరిగి, అక్కడే కూర్చుంది. ఫోను వచ్చింది.

"లెస్, నన్ను తీసుకెళ్ళడానికి రా. నెమ్మదిగా రా. వచ్చాక మాట్లాడదాం."

'మాట్లాడదాం' అంటే అమ్మకం సంగతి. నేను దారంతా ఎనభైలో వెళ్ళాను. కారును ఎవరికి అమ్మితే దాన్ని ప్రేమగా చూసుకుంటారో ఆలోచించుకుంటూ, అడ్డగాలికి అటూ ఇటూ తూలుతూ వెళ్ళాను. నవ్వకండి, నాకు ఏడుపొచ్చింది.

రోస్లిన్ పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వచ్చి డిక్కీ తెరిచింది. పెట్టె పెట్టడానికి వేలెడు జాగా లేదు. అందులోకి చాలాసేపు చూసింది. తరవాత నా మొహంలోకి అంతకన్నా ఎక్కువసేపు చూసింది.

"ఏంటివన్నీ?"

"విప్పిన భాగాలు. పనికొస్తాయని."

"ఇవి?"

"ఇసక బస్తాలు. అవి... అవి నువ్వే."

ఆవిడ చొక్కా చేతులు పైకి మడిచి ఒక్కొక్కటే బయటికి లాగింది. జాకీ, పానాల పెట్టె, బ్యాటరీ, నీళ్ళు, గొలుసులు, స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బ్రేకు పళ్ళాలు. వాల్మే గడ్డి మైదానం పాత ఇనుము కొట్టులా తయారైంది. బస్తాల వంతు వచ్చినప్పుడు నేనూ ఓ చెయ్యి వేశాను. ఒక్కో వస్తువు దిగేకొద్దీ కారు వెనక భాగం పైకి లేచింది, ముక్కు కిందికి దిగింది. ఈస్టరు నుంచీ ఆ కారు కుక్కలా వెనక కాళ్ళ మీద కూర్చుని ఉందన్నమాట! ఇంతమందిమి చుట్టూ తిరిగి ముందు భాగమే చూశాం.

"ఆ బస్తాల్లో ఒకటి మళ్ళీ పెట్టు. మీ పెరట్లో రోజాలకి పనికొస్తుంది," అంది వాల్మే. రోస్లిన్ ఒక్క చూపు చూసింది. వాల్మే లోపలికి వెళ్ళిపోయింది. నేను ఒక బస్తాను పెట్టె పక్కన సర్దాను, మా ఇంటికి ఇసక ఎప్పుడూ పనికొస్తుంది కాబట్టి. రోస్లిన్ అటు తిరిగి ఉంది.

వంతెన మీద నూట పది. అడ్డగాలి కొట్టింది. గొర్రెల లారీ పోయింది. కారు గీత గీసినట్టు పోయింది.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. మేము ఆ పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని, ఆ చెయ్యి ఎందుకు నొప్పి పుడుతోందో అని భుజం మార్పించుకున్నాం.

"మొదటి రోజే అడిగాను," అంది రోస్లిన్.

"అడిగావు."

"ఇంతమంది మగాళ్ళు, ఇన్ని శనివారాలు. ఆ సీటులో కూర్చున్నదాన్ని ఒక్కళ్ళైనా అడిగారా?"

"ఇది టెక్నికల్..." అని మొదలుపెట్టి, పక్క అద్దం సర్దుకున్నాను. కాసేపటికి ఆవిడ రుమాలు మొహం మీదికి లాక్కుని నిద్రపోయింది. నూట పదిలో, నోరు తెరుచుకుని! నా కళ్ళు చెమ్మగిల్లాయి. టాపు తీసి ఉంది, గాలికి అనుకోండి.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటున్నారు కదూ? అక్కడే మీరు పప్పులో కాలేశారు.

కారు బాగైందని క్లబ్బుకు కబురు పెట్టాను. నోస్కే వెంటనే, "బుష్షులు సర్దుకోవడానికి టైం పడుతుందని నేను చెప్పలా?" అన్నాడు. ఐవర్ తన కడ్డీలే అన్నాడు. నేను ఎవరి మాటా కాదనలేదు. ఆచారం ఆచారమే.

శనివారం వచ్చింది. అలవాటు కొద్దీ సాసేజీలు తెచ్చాను, ఉల్లిపాయలు తరిగాను, షెడ్డు తలుపు తీశాను. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? ఆరోగ్యంగా ఉన్న రోగి ఇంటికి వైద్యులకేం పని? నున్నగా తుడిచిన కారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇన్ని నెలలుగా షెడ్డులో ఎంత సందడి ఉండేదో నాకప్పుడు తెలిసింది.

ఫోను మోగింది. కాన్.

"ఏరా లెస్. కారు బాగైందటగా?"

"ఆఁ."

"మంచిది. మంచిది." అని, మళ్ళీ అందుకున్నాడు. "స్టీరింగ్ లాగట్లేదా? ఎడమకి?"

"లేదురా."

"కొంచెం కూడా?"

కాన్ భార్య ఎవ్దోకియా పోయిన వేసవిలో చనిపోయింది. అంత్యక్రియలకు మేమందరం వెళ్ళాం, అందరం కాన్ భుజం తట్టాం, అందరం వాతావరణం గురించి మాట్లాడాం. ఆ తరవాత అతని ఇంటికి ఎవరమూ వెళ్ళలేదు. వెళ్ళి ఏమి మాట్లాడాలి? ఏ భాగం విప్పాలి? అతను మాత్రం ప్రతి శనివారం మా షెడ్డుకు వచ్చాడు, కారు కింద దూరాడు, సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు. షాక్ అబ్జార్బర్ల గురించే మాట్లాడుతున్నాడని మేమందరం నమ్మాం.

ఫోను స్పీకరు మీద పెట్టి మాట్లాడుతున్నాను. రోస్లిన్ వంటింట్లోంచి అంతా విన్నట్టుంది. చేతులు తుడుచుకుంటూ షెడ్డులోకి వచ్చింది. రోజా మొక్కల పక్కనున్న ఇసక బస్తాను ఈడ్చుకొచ్చి, మోకాలితో ఎత్తి, డిక్కీలో పడేసింది. కారు వెనక భాగం కొంచెం కుంగింది.

"లాగుతోందని చెప్పు," అంది మెల్లిగా. "ఎడమకి. కొంచెం."

"ఒరే కాన్," అన్నాను, "నువ్వంటే గుర్తొచ్చింది. ఎడమకి కొంచెం లాగుతోంది."

"నేను చెప్పలా!" అన్నాడు కాన్. అంత సంతోషం ఆ గొంతులో నేను వేసవి నుంచీ వినలేదు. "ఏదీ ముట్టుకోకు. వస్తున్నా."

అయ్యా, ఇదీ ఊగే కారు వల్ల కలిగే అసలు భాగ్యం. మన దేశంలో ఒక మగవాడు ఇంకో మగవాడి ఇంటికి వెళ్ళాలంటే మధ్యలో ఏదో ఒకటి పాడైపోయి ఉండాలి. కారుకు ఎలా ఉందని అడగడానికి ఊరి అవతలి నుంచి వస్తారు, మురికి నేల మీద వెల్లకిలా పడుకుని మరీ అడుగుతారు. నీకెలా ఉందిరా అని అడగమంటే మాత్రం ఒక్కడికీ నోరు పెగలదు. నాకూ పెగల్లేదు. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ సిగ్గుపడటానికి కూడా మాకు ఒక పానా కావాలి.

మా వాళ్ళు ఇది చదువుతారనే భయం నాకు లేదు. బోల్టు కొలతలు లేని కాగితం వాళ్ళు ముట్టరు.

కాన్ వచ్చాడు. కారు కింద దూరాడు. బూట్లు మాత్రమే బయట ఉన్నాయి. నేను పక్కన చతికిలబడ్డాను. కాసేపు ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు వినపడింది, తరవాత ఆగిపోయింది.

"శనివారం పొద్దున ఇల్లు భరించలేనురా లెస్," అన్నాడు కింద నుంచి. "ఆవిడ రేడియో పెట్టేది."

"ఊఁ," అన్నాను.

"పద్నాలుగు నంబరు పానా ఇటియ్యి."

ఇచ్చాను. అక్కడ ఆ పానాతో బిగించాల్సిన బోల్టు ఒక్కటి కూడా లేదు. అతను చాలాసేపు బిగించాడు. ఎవ్దోకియా ఏ పాటలు వినేదో బిగిస్తూనే చెప్పాడు. రోస్లిన్ మూడు కప్పుల టీ తెచ్చి, తన కప్పుతో మా పక్కనే నేల మీద కూర్చుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఏర్పాటు ఇది. శుక్రవారం సాయంత్రం బస్తా డిక్కీలోకి వెళ్తుంది, ఆదివారం పొద్దున రోజాల దగ్గరికి వస్తుంది, మేమిద్దరం మీనింగీ వెళ్ళొస్తాం. బస్తా ఎత్తేటప్పుడు నడుం పట్టేస్తోంది. నోస్కేకు చెప్పాను. కారు సీటు మార్చాలన్నాడు.